వన్యప్రాణి పరిశోధనలో తొలి ఉద్యోగం: జీతం ఎంతో అడగండి, మీ డేటా షీట్ ఎవరు చూస్తారో కూడా అడగండి

మీ ప్రశ్న చదివాను. వరంగల్‌లో జువాలజీ ఎమ్మెస్సీ ఈ ఏడాదే పూర్తయిందని, ముందు మూడు దారులున్నాయని, ఎటు వెళ్లాలో తేలడం లేదని రాశారు. మొదటిది, 38 వేలు ఫీజు కడితే రెండు నెలలు ఆన్‌లైన్‌లో ‘రీసెర్చ్ మెంటర్‌షిప్’ ఇచ్చి సర్టిఫికెట్ ఇచ్చేది. రెండోది, ఆరు నెలలు జీతం లేకుండా తిండి, వసతి మాత్రం పెట్టే వాలంటీర్ పని. మూడోది, అమ్రాబాద్ వైపు నల్లమలలో ఏడాదిపాటు ప్రాజెక్ట్ అసిస్టెంట్ ఉద్యోగం, నెలకు 20 వేలు. ఇంట్లోవాళ్లు బీఈడీ చేసి డీఎస్సీకి చదవమంటున్నారని, అడవిలో ఉద్యోగం అంటే అమ్మ భయపడుతున్నారని కూడా రాశారు.

నేనూ ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గానే ఈ రంగంలో అడుగుపెట్టాను. పీహెచ్‌డీ అయ్యాక కొన్నేళ్లుగా మీలాంటివాళ్లను పనిలోకి తీసుకుని నేర్పుతున్నాను. చేరేవాళ్ల ఇబ్బందులూ తెలుసు, తీసుకునేవాళ్ల లెక్కలూ తెలుసు. నా సలహా మూడోదే. అయితే చేరతానని చెప్పేముందు వాళ్లను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటికి వచ్చే జవాబులను బట్టి ఈ ఏడాది మీకు పనికొస్తుందో, వృథా అవుతుందో ముందే చాలావరకు తెలిసిపోతుంది.

ముందు ఫీజు సంగతి తేల్చేద్దాం. పరిశోధనలో పెద్దవాళ్లు చిన్నవాళ్లకు ఎందుకు నేర్పుతారు? మంచితనం ఒక కారణం. అంతకంటే గట్టి కారణం, మీరు తెచ్చే డేటా మీద వాళ్ల ప్రాజెక్టు నిలబడి ఉంటుంది. మీరు తప్పు లెక్కపెడితే వాళ్ల రిపోర్టు తప్పవుతుంది. అందుకే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతారు, చేసినది చూస్తారు, దిద్దుతారు. మీ దగ్గర ఫీజు తీసుకున్నవాళ్లకు ఆ అవసరం లేదు. మీరు నేర్చుకున్నా నేర్చుకోకపోయినా వాళ్లకు రావలసింది వచ్చేసింది. అభ్యర్థుల బయోడేటాలు నేను చాలా చూస్తుంటాను. అలాంటి సర్టిఫికెట్ చూసి ఎవరినీ పిలిచింది లేదు. డేటా విశ్లేషణకు వాడే ఆర్ ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్, మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ లాంటివి వారం పది రోజులు నేర్పే వర్క్‌షాపులకు కొంత ఫీజు ఉంటుంది, అది న్యాయమే. వాటిని కోర్సు అనే అంటారు, మీరూ కోర్సుగానే చూస్తారు. అనుభవం అని పేరుపెట్టి అమ్మేదానికి డబ్బు కట్టకండి.

జీతం లేని ఆరు నెలల గురించి నాకు ఇంకా గట్టి అభిప్రాయం ఉంది. ఆరు నెలలు జీతం లేకుండా ఎవరు ఉండగలరు? ఇంటినుంచి డబ్బు తెప్పించుకోగలిగినవాళ్లు. అచ్చంపేట నుంచో, ఉట్నూరు నుంచో, గిద్దలూరు నుంచో వచ్చిన పిల్లలు, అడవి పక్కనే పుట్టి పెరిగినవాళ్లు, ఈ గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు. వన్యప్రాణి పరిశోధన ఇన్నేళ్లూ నగరాల పిల్లల చేతుల్లోనే ఎక్కువగా ఉండిపోవడానికి ఇదొక ముఖ్య కారణమని నేను నమ్ముతున్నాను. ‘ఈ రంగంలో మొదట్లో ఊరికే పనిచేయాలి, అందరం అలాగే వచ్చాం’ అని ఎవరైనా అంటే వినయంగా కాదనండి. మీరు చేసేది పని, దానికి కూలి ఉండాలి. ఒకటి రెండు రోజుల స్వచ్ఛంద సేవ వేరే విషయం. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటి పక్షుల లెక్కింపుకు మీ దగ్గర చెరువుకు వెళ్లండి, అటవీ శాఖ జంతుగణనకు వాలంటీర్లను పిలిస్తే పేరివ్వండి. వాటివల్ల కళ్లు అలవాటుపడతాయి, మనుషులు పరిచయమవుతారు. ఆరు నెలల పూర్తికాలపు పనిని మాత్రం సేవ ఖాతాలో వేయనివ్వకండి.

ఇప్పుడు మూడోదాని సంగతి. 20 వేలు తక్కువా ఎక్కువా అని అడిగారు. కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధనలో జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37,000 ఇస్తున్నారు. 2023 జనవరి నుంచి అమలైన రేటు ఇది, అంతకుముందు 31,000 ఉండేది. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. ఆ స్థాయికి నెట్ గానీ గేట్ గానీ, అంటే ఆ జాతీయ అర్హత పరీక్షల్లో ఒకటి, పాసై ఉండాలి. అవి లేకుండా చేరే ప్రాజెక్ట్ అసిస్టెంట్‌కు, అందులోనూ స్వచ్ఛంద సంస్థలో, 20 వేలు అన్యాయం కాదు. అయితే మీరు అడగాల్సింది అంకె ఒక్కటే కాదు. క్యాంపులో భోజనం ఖర్చు ఎవరిది? క్యాంపు నుంచి ట్రాన్సెక్ట్ దాకా, అంటే జంతువులను లెక్కిస్తూ నడిచే గీత దాకా, వెళ్లే బండి, పెట్రోలు ఎవరివి? ఈ రెండూ మీ మీదే పడితే 20 వేలు కాస్తా 12 వేలవుతుంది. జీతం ఏ తేదీకి పడుతుందో కూడా అడగండి. ప్రాజెక్టు డబ్బు విడతలుగా వస్తుంది, విడతకీ విడతకీ మధ్య రెండు మూడు నెలలు జీతాలు ఆగడం మామూలే. నేను తొలిరోజుల్లో పనిచేసిన ఒక చోట నాలుగు నెలలు ఆగింది, మెస్ వాళ్ల దగ్గర అప్పు పెట్టి తిన్నాం. మంచి సంస్థలు అలాంటి సమయంలో తమ నిధిలోంచి సర్దుతాయి. ‘నిధులు ఆలస్యమైతే ఏం చేస్తారు’ అని నేరుగా అడగండి. అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు. తప్పుపట్టే చోటు అయితే అదీ ముందే తెలియడం మంచిదే.

ఇక నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: మొదటి నెలలో మీరు రాసిన డేటా షీట్లు ఎవరు చూస్తారు, ఎన్ని రోజులకోసారి చూస్తారు?

ఇది ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే పని లోపలికి వెళ్లాలి. మీరు చేరబోయేది పులికి ఆహారమయ్యే జంతువుల సాంద్రత అంచనా వేసే ప్రాజెక్టు, ప్రధానంగా లైన్ ట్రాన్సెక్ట్ అని రాశారు. అడవిలో ముందే గుర్తుపెట్టుకున్న రెండు మూడు కిలోమీటర్ల తిన్నని గీత ఉంటుంది. తెల్లవారి కాస్త వెలుతురు పడగానే ఇద్దరు దానిమీద చప్పుడు చేయకుండా నడుస్తారు. చుక్కల దుప్పి, కణితి, మనుబోతు, కొండగొర్రె, అడవి పంది ఏది కనిపించినా ఆగి రాసుకోవాలి. ఏ జంతువు, గుంపులో ఎన్ని, రేంజ్‌ఫైండర్‌లో దూరం ఎంత, గీతకు ఎంత కోణంలో ఉంది. ఈ దూరం, కోణం రెండింటి నుంచి ఆ గుంపు గీతకు ఎంత పక్కగా ఉందో లెక్క తేలుతుంది. 60 మీటర్ల దూరంలో 30 డిగ్రీల కోణంలో కనిపిస్తే అది గీతకు 30 మీటర్ల పక్కన ఉన్నట్టు. గీత నుంచి పక్కకు పోయేకొద్దీ మనకు కనిపించే జంతువులు ఎలా తగ్గుతున్నాయో చూసి, కనిపించనివి ఎన్ని ఉండొచ్చో అంచనా వేస్తారు. పద్ధతి మొత్తం దీనిమీదే ఆధారపడి ఉంది.

ఒక సీజన్‌లో మా దగ్గర కొత్తగా చేరిన ఒకమ్మాయి మొదటి వారం షీట్లు రాత్రి క్యాంపులో తెచ్చి ఇచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క గడి కూడా ఖాళీ లేదు. అయితే కోణాల వరుసలో సున్నాలు చాలా ఉన్నాయి. మిగతావన్నీ 10, 20, 45. ఒక్క 17 లేదు, ఒక్క 38 లేదు. అడవిలో జంతువులు గుండ్రటి అంకెల్లో నిలబడవు కదా. మర్నాడు ఆమెతో కలిసి నడిచాను. సంగతి అక్కడ తెలిసింది. జంతువు కనిపించగానే ఆమె అటువైపు తిరిగి, కోణాన్ని కంటితోనే అంచనా వేసి రాస్తోంది. కాస్త ముందువైపు ఉన్నవన్నీ సున్నా అయిపోతున్నాయి. సున్నా అంటే జంతువు సరిగ్గా గీతమీదే ఉందని అర్థం. గీతమీద అన్ని జంతువులు పోగుపడితే, పక్కనున్నవాటిని మనం చాలా వదిలేస్తున్నామని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది, అడవిలో లేని జంతువులను లెక్కలో కలుపుతుంది. నడుస్తున్న దిశకు కంపాస్‌లో ఒక రీడింగ్, జంతువు ఉన్న వైపుకు ఒక రీడింగ్, రెండూ అలాగే రాసెయ్, తీసివేత క్యాంపులో చేద్దాం అని చెప్పాను. ఆ రోజు నుంచి షీట్లో 23లూ 41లూ కనిపించడం మొదలైంది. ఆ అమ్మాయి ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తోంది, తన దగ్గర చేరినవాళ్ల షీట్లు తనే చూస్తోంది.

మెంటర్‌షిప్ అంటే నాకు తెలిసినంతలో ఇదే. ఆ షీట్లను సీజన్ అయిపోయాక ఎవరో కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు చూసి ఉంటే, అప్పటికి నాలుగు నెలల నడక పాడైపోయి ఉండేది. దానికంటే ఆ అమ్మాయి నాలుగు నెలలు తప్పు పద్ధతికి అలవాటుపడి ఉండేది. కాబట్టి ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న అడిగినప్పుడు జవాబు ఎలా వస్తుందో గమనించండి. ‘ఫలానా ఆయన మొదటి రెండు వారాలు మీతోపాటు నడుస్తారు, తర్వాత ప్రతి ఆదివారం షీట్లు చూస్తారు’ అంటే చేరొచ్చు. ‘ట్రైనింగ్ ఇస్తాం, ఏం ఫర్వాలేదు’ అని ఊరుకుంటే ఇంకొంచెం తవ్వండి.

ప్రాజెక్టు అధిపతి పేరు చూసి పొంగిపోకండి. పెద్ద శాస్త్రవేత్తలు డెహ్రాడూన్‌లోనో బెంగళూరులోనో ఉంటారు, సీజన్‌కు ఒకటి రెండుసార్లు వచ్చి వెళతారు. మీకు రోజూ నేర్పేది క్యాంపులో ఉండే పీహెచ్‌డీ విద్యార్థో, సీనియర్ ఫీల్డ్ బయాలజిస్టో. వాళ్లతో పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడించమని అడగండి. అంతకంటే మంచిది, కిందటి ఏడాది ఆ పని చేసి వెళ్లిపోయినవాళ్ల నంబరు తీసుకోవడం. వాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు? పై చదువుకో మరో ప్రాజెక్టుకో వెళ్లి ఉంటే, మీ సార్ సిఫార్సు లేఖ రాశారా అని అడగండి. ఏడాది మధ్యలో మానేసి ఉంటే ఎందుకు మానేశారో అడగండి. ఫోన్‌లో రెండు నిమిషాల మౌనం కూడా చాలా చెబుతుంది.

మీకు నేర్పేవాళ్లు ఇంకొకరుంటారు, వాళ్ల పేరు నోటిఫికేషన్‌లో ఉండదు. నల్లమలలో ఏ పరిశోధన జరిగినా జంతువుల జాడలు పట్టే చెంచు ట్రాకర్లు, వాచర్లు లేకుండా జరగదు. కలివికోడి సంగతి మీరు జువాలజీలో చదివే ఉంటారు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్న పక్షి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ బయటపడింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ దానికోసం వెతుకుతున్నారు. పక్షిని ప్రాణంతో పట్టి తెచ్చింది మాత్రం ఐతన్న అనే స్థానిక వేటగాడు. పుస్తకాల్లో 86 ఏళ్లుగా లేని పక్షి ఎక్కడ తిరుగుతుందో ఆ మనిషికి తెలుసు. తర్వాత లంకమలలో మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగుజాడలు చూసినా, కెమెరాలు పెట్టినా, ఎక్కడ పెట్టాలన్న మొదటి జాడ ఆ ఊళ్ల మనుషుల నుంచే దొరికింది.

అందుకే నేను మరో ప్రశ్న కూడా అడగమంటాను: మీ ట్రాకర్‌కు జీతం ఎంత, నెలనెలా అందుతుందా, రిపోర్టులో ఆయన పేరు వేస్తారా? పెంటలో, అంటే చెంచుల గూడెంలో, ఉండే మనిషికి కూలి సకాలంలో ఇవ్వని ప్రాజెక్టు మీకు మాత్రం ఇస్తుందని నమ్మకం ఏముంది? చేరాక ట్రాకర్‌ను ‘అన్నా’ అనో ‘పెద్దయ్యా’ అనో పిలవండి, ముందు ఆయనను నడవనివ్వండి. ఆయన ఆగితే ఆగండి. నేల మీద గీరిన గుర్తు, చెట్టు మీద ఎలుగు గోళ్ల చార, దుప్పి అరుపులో తేడా, ఇవేవీ పీడీఎఫ్‌లలో దొరకవు. తెలుగు మాట్లాడే పరిశోధకులకు నల్లమలలో ఉన్న లాభం ఇదే. బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లకు దుబాసీ కావాలి, మీకు అక్కర్లేదు. ఇంటర్వ్యూలో ఈ మాట మీరే ఎత్తండి, మొహమాటపడకండి.

అనుమతి పత్రం గురించి రెండు మాటలు, ఇది చాలామంది పట్టించుకోరు. అభయారణ్యంలో అడుగుపెట్టి పరిశోధన చేయాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. జంతువును పట్టడం, మెడకు రేడియో కాలర్ వేయడం లాంటివి ఉంటే 12వ సెక్షన్ కింద వేరే అనుమతి కావాలి. ప్రాజెక్టుకు అనుమతి ఉండటం సరే, మీ పేరు ఆ ఉత్తర్వులో ఉండాలి. లేదా మీ పేరు చేర్చమని పంపిన లేఖ నకలు మీ దగ్గర ఉండాలి. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరో, లోపల బీట్‌లోనో సిబ్బంది ఆపినప్పుడు ‘మా సార్‌కు పర్మిషన్ ఉంది’ అంటే సరిపోదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు, లోపల చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, సార్‌కు ఫోన్ చేసి మాట్లాడించడం కూడా కుదరదు. పేరు లేకుండా పంపే సంస్థ మీ భద్రత గురించి కూడా అంతే ఆలోచిస్తుంది.

భద్రత అన్నాక, అమ్మగారి భయం గురించి. ఆవిడ పులి గురించి భయపడుతుంటారు. నా అనుభవంలో పులి కంటే ప్రమాదమైనవి రాత్రిపూట మోటార్ సైకిల్ ప్రయాణం, పాము, జ్వరం. చీకటి పడ్డాక అడవి రోడ్డు మీద బండికి అడవి పంది అడ్డం వస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ‘చీకటి పడ్డాక బండి తీయకూడదు’ అనే నియమం క్యాంపులో ఉందా అని అడగండి. మన దగ్గర దొరికే పాము కాటు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికి పనిచేస్తుంది. అది స్టాకున్న దగ్గరి ఆసుపత్రి ఏదో, క్యాంపు నుంచి ఎంతసేపో, ఏ బండిలో తీసుకెళతారో ఆ ప్రాజెక్టులో అందరికీ తెలిసి ఉండాలి. గోమార్ల వల్ల, ఎర్రనల్లి పిల్లల వల్ల వచ్చే జ్వరాలను మామూలు జ్వరమని వదిలేయకూడదు. ఆరోగ్య బీమా, ప్రమాద బీమా సంస్థే కట్టాలి.

ఆడపిల్లగా మీరు అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. క్యాంపులో విడిగా గది, లోపల గడియ పడే తలుపు, స్నానాల గది ఉన్నాయా? ఇంకో మహిళ ఎవరైనా ఉంటారా? పది మంది లేక అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి సంస్థలోనూ 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకంటే చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. మీ సంస్థ కమిటీలో ఎవరున్నారో చేరే రోజే రాసిపెట్టుకోండి. నాకు తెలిసిన మంచి క్యాంపుల్లో ఈ వివరాలు గోడమీదే అంటించి ఉంటాయి, ఎవరూ అడగనక్కర్లేదు. వీలైతే చేరేముందు అమ్మానాన్నలను ఒకసారి క్యాంపుకు తీసుకెళ్లండి. మా దగ్గర చేరిన పిల్లల తల్లిదండ్రులు చాలామంది వచ్చి చూసి, వంట చేసే ఆవిడతో మాట్లాడి, నిశ్చింతగా వెళ్లారు.

డేటా మీద హక్కు గురించి ముందే మాట్లాడుకోండి, ఒక ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి. మీరు సేకరించిన డేటా ప్రాజెక్టుదే, అందులో వాదన లేదు. కానీ అందులోంచి ఒక చిన్న ప్రశ్న మీరు తీసుకుని విశ్లేషించి రాయొచ్చా? ఉదాహరణకు కొండగొర్రె ఎలాంటి అడవిలో ఎక్కువగా కనిపిస్తోంది, పశువులు మేసేచోట కెమెరాల్లో దుప్పి ఏ వేళల్లో వస్తోంది? ఇలాంటి ఒక ప్రశ్న మీ సొంతం చేసుకుంటే ఏడాది చివర మీ చేతిలో జీతంతోపాటు ఒక రాతప్రతి కూడా ఉంటుంది. పేపర్లో రచయితగా పేరు ఎప్పుడు వస్తుంది, కృతజ్ఞతల్లో ఎప్పుడు వస్తుంది అన్నదీ అడగండి. నడిచినందుకు మాత్రమే రచయితను చేయరు, అది చాలా జర్నళ్ల పద్ధతి. నడవడంతోపాటు విశ్లేషణలోనో రాతలోనో చేయి కలిపే అవకాశం ఇస్తారా అన్నదే అసలు ప్రశ్న.

ఆ ఏడాదిలో ఏం నేర్చుకోవాలని అడిగారు. ట్రాన్సెక్ట్ గురించి చెప్పాను. కెమెరా ట్రాప్ (జంతువు ఎదురుగా రాగానే తనంతట తానే ఫొటో తీసే కెమెరా) పని మీ ప్రాజెక్టులో ఉంటే అదీ వదలకండి. జాతీయ పులుల గణనలో రెండు చదరపు కిలోమీటర్ల గడికో జత కెమెరాలు పెడతారు. పులికి రెండు పక్కల చారలు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి దారికి అటొకటి ఇటొకటి ఉండాలి, ఎదురెదురుగా ఫ్లాష్ పడకుండా కాస్త జరిపి పెట్టాలి. బ్యాటరీలు మార్చినప్పుడు గడియారం ఒకోసారి మొదటికి పోతుంది. అది చూసుకోకపోతే నెల రోజుల ఫొటోలకు తప్పుడు తేదీలు పడతాయి. కెమెరా ఆన్ చేయగానే స్టేషన్ నంబరు, తేదీ, టైము రాసిన పలక దానికి చూపించే అలవాటు చేసుకోండి, ఎప్పుడైనా తేడా వస్తే ఆ పలకే దిక్కు. ఇక సాయంత్రాలు ఆర్ నేర్చుకోండి. క్యాంపులో కరెంటు, నెట్ ఉంటే మంచిదే, లేకపోతే ప్యాకేజీలు ముందే డౌన్‌లోడ్ చేసి తీసుకెళ్లండి. మీరు సేకరించిన డేటాతోనే సాధన చేస్తే పుస్తకంలోని ఉదాహరణల కంటే వేగంగా వస్తుంది.

ఈ ఉద్యోగం రాకపోతే ఎక్కడ చూడాలన్నారు. వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో ప్రాజెక్ట్ పోస్టులు తరచూ పడతాయి. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ అనే ప్రయోగశాల ఉంది, పెంటికల నుంచి డీఎన్‌ఏ తీసి జంతువులను గుర్తించే పని మీద ఆసక్తి ఉంటే అటు చూడండి. తిరుపతి ఐసర్‌లో ఎకాలజీ ల్యాబులు ఉన్నాయి. మైసూరు నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, బెంగళూరు ఏట్రీ, డబ్ల్యూసీఎస్-ఇండియా, డబ్ల్యూడబ్ల్యూఎఫ్-ఇండియా హైదరాబాద్ కార్యాలయం, కవ్వాల్ వైపు పనిచేసే హైదరాబాద్ టైగర్ కన్జర్వేషన్ సొసైటీ, వీటి పేజీలు నెలకోసారి చూస్తుండండి. రవి శంకరన్ ఇన్‌లాక్స్ ఫెలోషిప్ ఒకటుంది, మంచి సంస్థలో ఇంటర్న్‌షిప్‌కు డబ్బు ఇస్తుంది. సలీం అలీ పక్షి శాస్త్ర కేంద్రానికి డైరెక్టర్‌గా ఉండి 2009లో అకాలంగా పోయిన రవి శంకరన్ గారి పేరు మీద పెట్టింది. మీకు ఫీజు అడిగిన ‘మెంటర్‌షిప్’కీ, డబ్బిచ్చి నేర్పే ఇలాంటివాటికీ ఎంత తేడా ఉందో చూడండి. బెంగళూరులో జరిగే స్టూడెంట్ కాన్ఫరెన్స్ ఆన్ కన్జర్వేషన్ సైన్స్‌కు ఒకసారి వెళ్లండి. అక్కడ టీ విరామంలో దొరికిన పరిచయాలతో ఉద్యోగాలు వచ్చినవాళ్లు నాకు తెలుసు.

డిగ్రీ మాత్రమే అయినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణి ఎమ్మెస్సీలు ఉన్నాయి. ఏటా చేర్చుకోరు కాబట్టి నోటిఫికేషన్ ఏ ఏడాది వస్తుందో చూసుకోవాలి.

మీ అన్నయ్య అమెరికాలో ఉన్నారు, అక్కడ చూడమంటున్నారన్నారు. అక్కడ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో, డిగ్రీ అయినవాళ్లకు ఏడాదిపాటు జీతమిచ్చి ల్యాబులో నేర్పే కార్యక్రమాలు నడిచాయి, కానీ అవి అక్కడి పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. మన పిల్లలకు దారి ఎమ్మెస్. వైల్డ్‌లైఫ్‌లో ఎమ్మెస్ సీట్లు చాలావరకు అసిస్టెంట్‌షిప్‌తో వస్తాయి, ఫీజు మాఫీ అయి నెలకు జీతం కూడా ఉంటుంది. కంప్యూటర్ సైన్స్‌లా ముందు అప్లికేషన్ పెట్టి తర్వాత చూసుకునే పద్ధతి కాదు. ముందు ప్రొఫెసర్‌కు మెయిల్ రాసి, ఆయన దగ్గర ప్రాజెక్టు డబ్బు ఉంటేనే అప్లికేషన్. టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ నడిపే వన్యప్రాణి ఉద్యోగాల బోర్డులో ఇలాంటి ప్రకటనలు జీతంతో సహా ఉంటాయి. వాటిలో దాదాపు అన్నీ ముందే ఫీల్డ్ అనుభవం అడుగుతాయి. నల్లమలలో ఏడాది అందుకూ పనికొస్తుంది.

ఇంట్లో డీఎస్సీ మాటకు ఏం చెప్పాలన్నది మీరే నిర్ణయించుకోవాలి, నేను చెప్పగలిగింది లెక్క మాత్రమే. ఏడాది పోతుందని వాళ్ల బాధ. ఆ ఏడాదిలోనే నెట్ లైఫ్ సైన్సెస్‌కూ, గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ పేపర్‌కూ చదవండి. ఆ గేట్ పేపర్ సంగతి మనవైపు చాలామందికి తెలియదు, మీరు క్యాంపులో రోజూ చేసే పనికి అది చాలా దగ్గర. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ పోస్టులు పడితే వాటికీ రాయండి, అడవిలో గడిపిన ఏడాది అక్కడా అక్కరకొస్తుంది. వానాకాలంలో ట్రాన్సెక్టులు ఉండవు, ఆ నెలలు చదువుకు దొరుకుతాయి. ఒప్పందంలో ఆ నెలల జీతం కూడా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, కొన్నిచోట్ల సీజన్‌కు మాత్రమే ఇస్తారు.

చివరగా కెమెరా కొనాలా అన్నారు. వద్దు. ఫొటోలు తీయడం మీ పని కాదు, పెద్ద లెన్స్ మోస్తూ ట్రాన్సెక్ట్ నడవలేరు. డబ్బుంటే 8×42 బైనాక్యులర్ ఒకటి కొనండి, లేకపోతే ప్రాజెక్టుదే ఇస్తారు. మడమ పైదాకా ఉండే బూట్లు మాత్రం సొంతానికి కొని, చేరేముందు రెండు వారాలు ఊళ్లో తొడుక్కుని తిరగండి. కొత్త బూట్లతో మొదటిరోజే రాళ్లగుట్ట ఎక్కితే కాళ్లు బొబ్బలెక్కి వారం పడుకోవాల్సి వస్తుంది. ఇంటర్వ్యూ అయ్యాక వాళ్లు ఏ ప్రశ్నకు ఏం చెప్పారో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.